చివరి లకారం

లారీ డ్రైవరు షుక్రి తప్పు ఒప్పేసుకున్నాడు. అదీ ఫోనులో, మొదటి ప్రశ్నకే.

"కూతుర్ని కొట్టావా అని అడిగాను. ఔను, లారీలో అన్నాడు. అడిగినందుకు థాంక్స్ కూడా చెప్పాడు, పువాన్. ఇరవై ఏళ్ళ సర్వీసులో అంత సిగ్గులేని మనిషిని చూడలేదు. ఇంకో మాట అడిగేలోపు లైను తెగిపోయింది," అన్నాడు బహరోమ్.

బహరోమ్ పిల్లల సంక్షేమ శాఖలో అధికారి. వాన ఉన్నా లేకపోయినా ముంజేతికి గొడుగు తగిలించుకుని తిరిగే మనిషి. కౌలాలంపూర్ శివార్లలోని ఆసుపత్రి రెండో అంతస్తులో, స్పీచ్ థెరపిస్టు మస్తూరా గదిలో, పిల్లల కోసం వేసిన పొట్టి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. గదిలో పెద్దవాళ్ళ కుర్చీ ఒక్కటే. అందులో మస్తూరా ఉంది. పువాన్, అంటే మేడమ్, అని ఎంత మర్యాదగా పిలిచినా లేచి ఇచ్చే ఉద్దేశం ఆమెకి లేదు.

అతను చెప్పినదాన్ని బట్టి కేసులో మెలికలేమీ లేవు. ఇన్షిరాకి నాలుగేళ్ళు. తల్లీతండ్రీ విడిపోయారు. తల్లి లియానా దగ్గర ఉంటూ, వారాంతాల్లో తండ్రి దగ్గరికి వెళ్ళివస్తుండేది. ఒక సోమవారం మధ్యాహ్నం బాలబడిలో పిల్లలందర్నీ చాపల మీద పడుకోబెట్టే వేళ, ఇన్షిరా పడుకోకుండా ఏడుస్తూ తండ్రి గురించి ఒక మాట అంది. మర్నాడూ అదే మాట అంది. టీచరు బెదిరిపోయి తల్లికి చెప్పింది. తల్లి బెదిరిపోయి సంక్షేమ శాఖకి చెప్పింది. ఆ రోజు నుంచి షుక్రి కూతుర్ని చూడటానికి వీల్లేకుండా పోయింది. పిల్ల మాత్రం ప్రతి మధ్యాహ్నం అదే మాట అంటూ ఏడుస్తూనే ఉంది. ఒంటిమీద దెబ్బల గుర్తులేవీ లేవని డాక్టరు రాశాడు. గుర్తులు మానిపోయి ఉండవచ్చని కింద ఇంకో వాక్యం కూడా రాశాడు. షుక్రి తర్వాత మాట మార్చాడు. తను కొట్టలేదట, ఒప్పుకోనూ లేదట. ముందు ఒప్పుకుని తర్వాత కాదనే వాళ్ళు బహరోమ్‌కి కొత్త కాదు.

వచ్చే సోమవారం కోర్టు. పిల్ల మాట తేటగా ఉందని నిపుణులు రాసిస్తే ఆ తండ్రికి కూతురు ఇక లేనట్టే. మాట తేటగా లేదు, ఒకటి అనబోయి ఇంకోటి అంటుందని రాస్తే కేసు నిలవదు.

"అంటే ల, ర, స పలికించి చూసి, ఒక మనిషికి కూతురు ఉండాలో వద్దో నేను చెప్పాలన్నమాట," అంది మస్తూరా.

"క్లుప్తంగా చెప్పాలంటే అంతే."

మస్తూరా ఒక షరతు పెట్టింది. పిల్ల ఏ మాట అందో పరీక్ష అయ్యేదాకా తనకి చెప్పకూడదు. ఏం వినాలో ముందే తెలిసిన చెవి అదే వింటుంది.

"మా పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది. పిల్ల నోటి వెంట వచ్చిన మాటనే, అక్షరం మార్చకుండా అడగాలని మాకు శిక్షణ. తండ్రిని కూడా అలాగే అడిగాను," అన్నాడు బహరోమ్.

మంచి పద్ధతేనని మస్తూరా ఒప్పుకుంది. ఆ పద్ధతి ఏం చేసి పెట్టిందో అప్పటికి ఇద్దరికీ తెలియదు.

ఆసుపత్రి ఎదురుగా, రోడ్డు అవతల పొద్దుటినుంచీ ఒక లారీ ఆగి ఉంది. లోపలికి రాకూడదని షుక్రికి ఆజ్ఞ. రోడ్డు అవతల ఆగకూడదని లేదు. బహరోమ్ కిటికీలోంచి దాన్ని రెండుసార్లు చూసి పెదవి బిగించాడు. దీని సంగతి కూడా రాయాలని అతని మొహంలోనే ఉంది.

లియానా కూతుర్ని తీసుకొచ్చింది. నిద్ర కరువైన కళ్ళతో, ఇస్త్రీ చేసిన బట్టలతో వచ్చింది. మస్తూరా మామూలుగా అడిగేవన్నీ అడిగింది. పిల్ల ఎప్పుడు నడిచింది, చెవిపోటు ఏమైనా వచ్చిందా, ఇంట్లో ఏ భాష. పిల్లకి ఏడాది నిండాక ఇద్దరికీ ఉద్యోగాలు కుదరక, షుక్రి తల్లి దగ్గర వదిలామని చెప్పింది లియానా. మొన్న మొన్నటిదాకా అక్కడే పెరిగింది.

"ఏ ఊరు?"

"ఉత్తరాన, కెడాలో. యాన్ అని, సముద్రం పక్కన. మా అత్తగారి మాట నాకు సగమే అర్థమయ్యేది, పువాన్. ఇది వచ్చిన కొత్తలో దీని మాటా అంతే. బాలబడి టీచరు కూర్చోబెట్టి అన్నీ దిద్దింది. ఇప్పుడు చూడండి, టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది."

యాన్ పేరు వినగానే మస్తూరా పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది. అంతకు మించి ఏమీ చేయలేదు. ఆమెది యాన్ పక్క ఊరు. ఈ సంగతి ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. కెడా వాళ్ళ నోట్లో పదం చివర ల నిలవదు, య అయిపోతుంది. ర కూడా గొంతులోకి జారి క లాగా ఆగిపోతుంది. కాలేజీలో చేరిన మొదటి వారం సీసాని 'బోతోల్' అనకుండా 'బోతోయ్' అన్నందుకు హాస్టలంతా ఆమెని బోతోయ్ అని పిలిచింది. అద్దం ముందు నిలబడి చివరి లకారం నేర్చుకుంది. ఇప్పుడు అదే ఊళ్ళో పిల్లలకి నేర్పి జీతం తీసుకుంటోంది.

తల్లి బయట బెంచీ మీద కూర్చుంది. బహరోమ్ పక్క గదిలోకి వెళ్ళాడు. రెండు గదుల మధ్య గోడలో, అటునుంచి మాత్రమే కనపడే అద్దం ఉంది, అటు మాటలు వినపడే స్పీకరూ ఉంది.

మస్తూరా బొమ్మల పుస్తకం తెరిచింది. పరీక్షలో గుట్టేమీ లేదు. బొమ్మ చూపించాలి, ఇదేమిటి అని అడగాలి, పిల్ల పేరు చెప్పాలి. ఏ అక్షరం ఎక్కడ జారిందో గుర్తు పెట్టుకోవాలి. ఒక్కటే నియమం. ఆ పేరు పిల్ల కన్నా ముందు తను పలకకూడదు. పలికితే పిల్ల చిలకలా అదే అంటుంది, దాని సొంత నోరేమిటో తెలియదు.

ఇన్షిరా రెండు జడల పిల్ల. బహరోమ్ వదిలి వెళ్ళిన పొట్టి కుర్చీలో సరిగ్గా సరిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఉద్యోగం ఇంటర్వ్యూకి వచ్చినట్టు కూర్చుంది.

బంతి, దీపం, పాము. ఒక్కొక్కటీ చెబుతూ పోయింది. మస్తూరా చివరి అక్షరాల కోసం కాచుకుని ఉంది. సీసా బొమ్మ వచ్చింది. 'బోతోల్' అంది పిల్ల. లకారం గంట కొట్టినట్టు మోగింది. ఓడ బొమ్మ. 'కపాల్'. అదీ మోగింది. పాముని కూడా 'ఊలార్' అని చివర ర దొర్లించి మరీ అంది. యాన్ వాసన ఎక్కడా లేదు. టీచరు పని గట్టిగానే చేసింది.

చివరి పేజీల్లో దిండు బొమ్మ ఉంది. ఆ బొమ్మ గీసినవాడెవడో గానీ, తెల్లగా, చదరంగా, అంచులు ఉబ్బి ఉంటుంది.

"రొట్టె," అంది ఇన్షిరా.

సగం మంది పిల్లలు రొట్టె అనే అంటారు. ఈ బొమ్మ మార్చమని మస్తూరా పుస్తకం వేసినవాళ్ళకి ఎప్పుడో రాసింది. వాళ్ళు ఆమె సూచనకి కృతజ్ఞతలు తెలిపారు. బొమ్మ చూసి చెప్పకపోతే అసలు వస్తువు చూపించవచ్చు. మస్తూరా లేచి, మూలనున్న మంచం మీద దిండు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇదేమిటమ్మా?"

"బంతాల్," అంది ఇన్షిరా. తేటగా, చివరి లకారంతో సహా.

పరీక్ష అయిపోయింది. తప్పు ఒక్కటీ లేదు. ఆ వయసు పిల్లల్లో ఇంత శుభ్రంగా పలికినవాళ్ళని మస్తూరా వేళ్ళ మీద లెక్కపెట్టగలదు. అద్దం అవతల బహరోమ్ లేచి చొక్కా సర్దుకుని ఉంటాడు. కావలసిన వాక్యం అతనికి దొరికేసింది. పిల్ల మాట తేటగా ఉంది. ఒకటి అనబోయి ఇంకోటి అనదు. రోడ్డు అవతల లారీ ఇక ఇంటికి పోవచ్చు.

మస్తూరా పెన్ను తీసింది. ఇన్షిరా మంచినీళ్ళ కోసం చెయ్యి చాపింది. కప్పు దొర్లింది. నీళ్ళు బొమ్మల పుస్తకం మీదుగా పిల్ల ఒళ్ళోకి కారాయి.

"తోక్, ఆయాక్," అని కెవ్వుమంది పిల్ల.

తోక్ అంటే నాయనమ్మ. ఆయాక్ అంటే నీళ్ళు. కౌలాలంపూర్‌లో ఎవరూ అలా అనరు. ఇక్కడ 'ఆయెర్' అంటారు. ఆయాక్ అనేది మస్తూరా వాళ్ళ అమ్మ వంటింట్లో వినపడే మాట. వార్తలు చదివే అమ్మాయి ఉలిక్కిపడగానే నోట్లోంచి యాన్ ఊడిపడింది.

మస్తూరా పిల్ల గౌను తుడిచి, రంగు పెన్సిళ్ళు ఇచ్చి, పక్క గదిలోకి వెళ్ళింది. ఇప్పుడు ఆ మాట చెప్పమంది. టీచరు విన్న మాట, అక్షరం మార్చకుండా.

బహరోమ్ గొంతు సవరించుకున్నాడు. ఆఫీసులో మర్యాద భాషలోకి మార్చి రాసుకున్నదాన్ని పక్కన పెట్టి, అసలు మాట చదివాడు.

"అయాహ్ బంతాయ్ అడిక్."

అయాహ్ అంటే నాన్న. అడిక్ అంటే చిన్నది, ఇంట్లో ఆఖరి పిల్ల తన్ను తాను అనుకునే పేరు. బంతాయ్ అంటే చితకబాదడం. నాన్న నన్ను చితకబాదాడు. వీధిలో ఎవరినడిగినా ఇదే అర్థం చెబుతారు.

మస్తూరా అద్దంలోంచి బల్ల మీది దిండు వైపు చూసింది.

"కెడాలో దిండుని ఏమంటారో మీకు తెలుసా, ఎన్చిక్ బహరోమ్?"

"నాది జొహోర్. దక్షిణాన, అటు చివర. నాకెలా తెలుస్తుంది?"

"బంతాల్ చివర ల పడిపోయి య అవుతుంది. బంతాయ్. బంతాయ్ అడిక్ అంటే అడిక్ దిండు. ఆ పిల్ల పడుకునే వేళ ఏడ్చింది. నాన్నా, నా దిండు అని ఏడ్చింది."

బహరోమ్ తొందరపడే మనిషి కాదు. అద్దం వైపు చూపించాడు. ఇప్పుడే కదా పిల్ల మీ ముందు బంతాల్ అంది, అన్నాడు. మీరే కదా పూర్తి మార్కులు వేశారు. చివరి ల దానికి చక్కగా వస్తుందని మీ పుస్తకమే చెబుతోంది. దిండుని బంతాల్ అనే పిల్ల బంతాయ్ అంటే, అది దిండు కాదు, దెబ్బే. కోర్టులో వాళ్ళ వకీలు కాదు, మా వకీలే ఈ ప్రశ్న వేస్తాడు. అప్పుడు మీరేం చెబుతారు?

అతనన్నది తప్పు కాదు.

"ఇంకొంచెం సేపు ఇవ్వండి," అంది.

"ఆ మాట మీరు ముందు అనకూడదు."

"అనను. అది మీ కన్నా ముందునుంచీ నా నియమం."

మస్తూరా మళ్ళీ లోపలికి వచ్చింది. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. చెప్పులు విడిచి నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చుంది. కాలేజీలో చేరిన నాటి నుంచీ ఈ నగరంలో ఎవరిముందూ తెరవని నోరు తెరిచింది.

"ఏటే పిల్లా, నీళ్ళన్నీ ఒంపేసినావు. మీ తోక్ సూత్తే ఊరుకుంటాదేటి?"

ఇన్షిరా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. ఆసుపత్రి మేడమ్ నోట్లోంచి నాయనమ్మ మాట్లాడింది. పిల్ల మస్తూరా నోటి వైపు అనుమానంగా చూసింది. లోపల ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసినట్టు చూసింది.

"మక్‌చిక్, నువ్వు మా తోక్ వోళ్ళ ఊరేటి?" అంది, మేడమ్‌ని అత్తని చేసేసి.

"పక్కూరేనే. కాలవ దాటితే మాదే."

"మా తోక్‌కి బాతులున్నాయి. ఒక బాతు కుంటిది."

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. పిల్ల కుర్చీ దిగి నేల మీదికి వచ్చేసింది. కుంటి బాతు సంగతి, కొబ్బరిచెట్టు ఎక్కే కోతి సంగతి, తోక్ పళ్ళు గ్లాసులో పెట్టుకునే సంగతి చెప్పింది. మస్తూరా వింటూనే బొమ్మల పుస్తకం తడి పేజీలు మళ్ళీ తిప్పింది. సీసా ఇప్పుడు బోతోయ్ అయింది. ఓడ కపాయ్ అయింది. పాము ఊలాక్ అయి గొంతులోకి దూరింది. ఇందాకటి లకారాల్లో ఒక్కటీ మిగల్లేదు. అదే నోరు. అడిగే మనిషిని బట్టి చివరి అక్షరం మారిపోయింది.

పుస్తకంలో ఒక కుర్రాడు డప్పు కొడుతున్న బొమ్మ ఉంది. మస్తూరా వేలు పెట్టి చూపించింది.

"ఈడేటి సేత్తన్నాడు?"

"పుకోయ్," అంది పిల్ల. కొట్టడం అనే మాటకి యాన్ రూపం. ఇంకో బొమ్మలో ఒకామె చీపురుతో పిల్లిని తరుముతోంది. దాన్నీ పుకోయ్ అనే అంది. కొట్టడానికి ఈ పిల్ల దగ్గర ఉన్న మాట అదొక్కటే. నగరంలో బస్‌స్టాండ్ కుర్రాళ్ళు వాడే బంతాయ్ దానికి తెలిసినట్టే లేదు.

ఇక మిగిలింది ఒక్కటి. మస్తూరా బల్ల మీది దిండు తీసి మళ్ళీ పిల్ల ముందు పెట్టింది.

"మరిదేటి?"

"బంతాల్," అంది ఇన్షిరా.

లకారం గంట కొట్టినట్టు మోగింది.

అద్దం మీద అవతలనుంచి పెన్నుతో ఒక్కసారి తట్టిన చప్పుడు వినపడింది. బహరోమ్ గెలిచానని సంబరపడే మనిషి కాడు. కానీ రికార్డు సరిగ్గా ఉండాలనుకునే మనిషి.

మస్తూరా దిండు వైపు చూసింది. పుస్తకమంతా యాన్‌కి మారిపోయి, ఈ ఒక్క మాట మాత్రం నగరంలోనే ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో ఆమెకి తట్టలేదు. ఆ మాట తను అనడానికి వీల్లేదు. తండ్రి పేరు ఎత్తడానికి వీల్లేదు. వెనక్కి జరిగి గోడకి ఆనుకుని, ఆవులించినట్టు నటించింది. కాసేపటికి నిజంగానే ఆవులింత వచ్చింది.

"నాకు నిద్రొత్తంది. నీకు?"

"నాకూ వత్తంది."

"అయితే ఇది ఏసుకు తొంగో."

ఇన్షిరా దిండుని చూసింది. పెద్దవాళ్ళకి ప్రతిదీ విడమరిచి చెప్పాల్సివస్తే పిల్లలకి వచ్చే విసుగు దాని మొహంలోకి వచ్చింది.

"ఇది బంతాల్ కదేటి. ఆసుపత్రోళ్ళది. అమ్మ కూడా ఒక బంతాల్ కొనింది, కుందేలు బొమ్మది. దానికి వాసన్లేదు."

"వాసనెందుకే?"

"నా బంతాయ్‌కి వాసనుంటాది."

మస్తూరా మామూలు గొంతుతోనే అడిగింది.

"అదేదీ మరి?"

"నాన్న లోరీలో ఉండిపోయింది. రమ్మంటే వొత్తలేదు నాన్న."

ఈ దేశంలో ప్రతి ఇంట్లోనూ ఒక కంపు దిండు ఉంటుంది. పుట్టినప్పుడు ఇచ్చింది, ఎవర్నీ ఉతకనివ్వరు, అది లేకపోతే పడుకోరు. పిల్లలకే కాదు, పెళ్ళయిన మగవాళ్ళకి కూడా ఉంటుంది, అల్మారాలో దాచుకుంటారు. ఇన్షిరా లెక్కలో ప్రపంచంలో దిండ్లన్నీ బంతాల్. ఆ ఒక్కటే బంతాయ్. అది పదం కాదు, దాని పేరు. టీచరు దిద్దలేకపోయిన మాట అదొక్కటే, ఎందుకంటే పేర్లను ఎవరూ దిద్దరు.

మస్తూరా పక్క గదిలోకి వెళ్ళింది. బహరోమ్ నిలబడి ఉన్నాడు. గొడుగు ముంజేతి మీదినుంచి జారి కింద పడి ఉంది. అతను తీసుకోలేదు.

"లారీలో అంది," అన్నాడు మెల్లగా.

"ఔను."

"నేను అతన్ని ఏమని అడిగానో మీకు చెప్పాలి. పిల్ల మాటే వాడాలి కదా. అలాగే వాడాను. 'అడా బంతాయ్ అడిక్?' అన్నాను."

మస్తూరా కళ్ళు మూసుకుంది. అడా అనే మాటకి రెండు పనులు. 'చేశావా' అని అడగడానికీ అదే, 'ఉందా' అని అడగడానికీ అదే. జొహోర్ వాడు అడిగింది, పాపను కొట్టావా అని. హైవే మీద ఇంజను హోరులో కెడా వాడు విన్నది, పాప దిండు నీ దగ్గర ఉందా అని.

"అతనేమన్నాడు?"

"'అడా. దాలమ్ లోరి.' అంతే. ఉంది, లారీలో. అడిగినందుకు థాంక్స్ అండీ అన్నాడు." బహరోమ్ కింద పడిన గొడుగు వైపు చూశాడు. "పోయిన దిండు కోసం ప్రభుత్వం నుంచి ఫోను చేశారని సంబరపడి ఉంటాడు."

ఆ తర్వాత జరిగినదంతా ఇద్దరికీ ఒకేసారి కళ్ళకి కట్టింది. పిల్ల దిండు కోసం ఏడ్చింది. ఏడ్చినకొద్దీ తండ్రిని దూరం పెట్టారు. తండ్రిని దూరం పెట్టినకొద్దీ దిండు దూరమైంది. దిండు దూరమైనకొద్దీ పిల్ల ఇంకా ఏడ్చింది. ఆ ఏడుపంతా సాక్ష్యంగా పోగుపడుతూ వచ్చింది.

"చూసి రావాలి," అన్నాడు బహరోమ్. ఊహతో కేసు కట్టినవాడు కాదతను, ఊహతో విప్పడు కూడా. వంగి గొడుగు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండా అడిగాడు. "ఉతకని దిండే కదా?"

"ఉతికి ఉండరు."

"నాకూ ఒకటి ఉండేది," అని వెళ్ళిపోయాడు.

మస్తూరా కిటికీ దగ్గర నిలబడింది. వాన మొదలైంది. బహరోమ్ గొడుగు తెరవకుండానే రోడ్డు దాటాడు. లారీ తలుపు తెరుచుకుంది. బక్కపలచటి మనిషి దిగి, రెండు చేతులూ ముందు కట్టుకుని నిలబడ్డాడు. అరెస్టు చేయడానికి వచ్చారనుకుని ఉంటాడు. బహరోమ్ ఏదో అడిగాడు. ఆ మనిషి అర్థంకానట్టు చూశాడు. బహరోమ్ మళ్ళీ అడిగాడు. ఆ మనిషి గబగబా లారీ ఎక్కి, సీటు వెనక పడుకునే అరలోకి వంగి, ఏదో చిన్నది తెచ్చి రెండు చేతులతో అందించాడు. అప్పుడు బహరోమ్ గొడుగు తెరిచాడు. దాన్ని తన నెత్తిమీద పట్టుకోలేదు. చేతిలో ఉన్నదాని మీద పట్టుకుని, తను తడుస్తూ వెనక్కి వచ్చాడు.

దిండు అరచేతి కన్నా పెద్దది కాదు. ఒకప్పుడు పసుపుపచ్చ అయి ఉంటుంది. వాసన దానికన్నా ముందే గదిలోకి వచ్చింది. బహరోమ్ దాన్ని పిల్ల చేతికి ఇవ్వలేదు. నియమం తెలిసిన మనిషి కనుక, బల్ల మీద రంగు పెన్సిళ్ళ పక్కన పెట్టి, తను గోడ వారగా నిలబడ్డాడు. మస్తూరా అడిగింది.

"ఇదేటి?"

"బంతాయ్ అడిక్," అంది ఇన్షిరా. లాక్కుని, ముక్కు అందులో పెట్టి, చాప కూడా లేని నేల మీద పక్కకి వాలిపోయింది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది.

బహరోమ్ ఆ పలుకు తన చెవితో విన్నాడు. రాసుకున్నాడు. చివరి అక్షరం దగ్గర పెన్ను ఆపి, య అనే కదా అని మస్తూరాని అడిగి, అప్పుడు రాశాడు.

లియానాని లోపలికి పిలిచి చెప్పారు. ఆమె మొదట నమ్మలేదు. తర్వాత నేల మీద నిద్రపోతున్న కూతుర్ని చూసింది. అలా పడుకుని ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలుసు. దిండు తోక్ ఇంట్లో ఉండిపోయిందేమో అనుకున్నానని, అందుకే కొత్తది కొన్నానని చెప్పింది. ఆ మాటకీ ఈ దిండుకీ సంబంధం ఉంటుందని కలలో కూడా అనుకోలేదంది. కాసేపు గోడ వైపు తిరిగి నిలబడింది. మళ్ళీ ఇటు తిరిగాక, ఏదో ఒకటి చెయ్యాలి కనుక, వంగి దిండు అంచు పట్టుకుంది.

"ఇంటికెళ్ళగానే ఉతుకుతాను."

"వీల్లేదు, పువాన్," అన్నాడు బహరోమ్. "అది సాక్ష్యం. కేసు మూసేదాకా దాని స్థితి మారకూడదు."

"ఎప్పుడు మూస్తారు?"

"తొందరేం లేదు."

మస్తూరా తన వాక్యం రాసింది. పిల్ల ఉచ్చారణలో తప్పులేమీ లేవు, రెండు రకాల మాటా తేటగా వచ్చు, ఎవరితో ఏది మాట్లాడాలో కూడా తెలుసు. బహరోమ్ అది చదివి, తడిసిన చొక్కా చేతులు మడుచుకున్నాడు.

"మరి తప్పు ఎవరిదని రాయాలి?"

"మా పుస్తకం పిల్లలకే, ఎన్చిక్. పెద్దవాళ్ళకి వేరే పరీక్ష లేదు."

అతను తల ఊపాడు. అలాగైతే తనే రాస్తానన్నాడు. అధికారి అడిగిన ప్రశ్న అధికారికే అర్థం కాలేదని రాస్తానన్నాడు. దాన్ని మర్యాద భాషలోకి మార్చడానికి కాస్త సమయం పడుతుందన్నాడు.

గుమ్మం దగ్గర అలికిడయింది. షుక్రి వచ్చి నిలబడి ఉన్నాడు. లోపలికి రావచ్చో లేదో తెలియక చెప్పులు మాత్రం విడిచాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. లియానా అతన్ని చూసి కొంచెం పక్కకి జరిగింది. నిద్రపోతున్న కూతురు కనపడేలా.

"అడిగితే ఆ పొద్దే ఇచ్చీవోణ్ణి కదండీ," అన్నాడు అతను బహరోమ్‌తో. గొంతులో కోపం లేదు, అయోమయమే ఉంది. "ఉందని సెప్పినాను కదా."

"సెప్పినావు," అంది మస్తూరా.

అతను చటుక్కున ఆమె వైపు తిరిగాడు. అది ఏ ఊరి మాటో అతనికి వేరే చెప్పక్కర్లేదు.

కూతురు మాత్రం కళ్ళు తెరవలేదు. ఇన్నాళ్ళూ నాన్నా, నా దిండు అని ఏడ్చింది. దిండు వచ్చింది, నిద్ర వచ్చింది. నాన్న సంగతి లేచాక చూసుకుంటుంది.

"ఎంతసేపు పడుకుంటాదో," అన్నాడు షుక్రి.

బహరోమ్ పొట్టి కుర్చీ తీసుకొచ్చి పిల్ల పక్కన వేశాడు. షుక్రి అందులో కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.